వెంకటరావమ్మ ముక్కు

యూనివర్సిటీ హాస్టల్లో కొత్తగా చేరే పిల్లలకీ తల్లిదండ్రులకీ వ్యసనాల మీద పెట్టిన సభలో ముఖ్య అతిథి మైకు పట్టుకుని ఇరవై నిమిషాలైంది. ఆయన ఇంకా యువత దేశానికి వెన్నెముక అనే చోటే ఉన్నాడు, అక్కణ్ణుంచి కదిలే సూచనలేవీ కనపడటం లేదు. స్టేజీ మీద వరసగా వేసిన ఆరు ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చున్న వెంకటరావమ్మ ఒళ్ళో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూ, తన వంతు ఎప్పుడొస్తుందా అని కాదు, రాకుండా పోతే బాగుండునని చూస్తోంది. అమ్మకి చత్వారం కదా అని కూతురు హారిక పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చింది. సారా దుకాణం ముందు ఆడవాళ్ళంతా పదకొండు రోజులు కూర్చున్న సంగతి, పాకెట్లు కుప్పపోసి తగలబెట్టిన సంగతి, ఆ మంట వెలుగులో ఊరి మగాళ్ళు ముఖాలు దాచుకున్న సంగతి. అన్నీ జరిగినవే, ఒక్క అబద్ధం లేదు. అయినా చదవాలంటే మనసొప్పటం లేదు. కింద మూడో వరసలో ఆకుపచ్చ చీర ఆవిడ పొద్దున్నే పరిచయమైన చనువుతో ఆమెని చూసి చిన్నగా నవ్వింది. వెంకటరావమ్మ తిరిగి నవ్వటం చేతకాక పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

పొద్దున హాలు బయట కానుగ చెట్టు కింద సిమెంటు బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడది ప్రత్తిపాడు దగ్గర పల్లె, మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి, పెద్దవాడు ఎమ్మెస్సీలో చేరుతున్నాడు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, అడక్కుండానే సంచి విప్పి చూపించింది, పిల్లల్ని హాస్టలుకి పంపే తల్లులకి సంచి చూపించటంలో ఒక సుఖం ఉంటుంది కదా. కందిపొడి డబ్బా, గోంగూర పచ్చడి, సున్నుండలు, అడుగున తువ్వాలులో చుట్టిన రెండు సీసాలు. మా వాడికి మిరప ఘాటు పడదండీ, కల్లంలో నాలుగు రోజులు తిరిగితే ఏడాదంతా దగ్గే, ఈ చుట్టుపక్కల షాపుల్లో ఈ మందు ఇవ్వరంట, నన్నే తెమ్మన్నాడు అని మురిపెంగా చెప్పింది. కొడుకు అంత దూరాన నిలబడి సెల్‌ఫోనున్న స్నేహితుడితో మాట్లాడుతున్నాడు, సంచి విప్పిన క్షణంలో మాత్రం ఒకసారి ఇటు తిరిగి చూశాడు. ఆ చూపు వెంకటరావమ్మకి తెలుసు. మూడేళ్ళ క్రితం తన ఇంట్లో ఆ చూపు ప్రతి శనివారం ఉండేది, అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది. తీరా బయటికొచ్చింది, పచ్చట్లో వెల్లుల్లి వేశారా అన్న మాట. వేశామండీ, వెయ్యకపోతే ఏం బాగుంటుంది అంది ఆవిడ. ఇంతలో నిర్వాహకులెవరో వచ్చి, సారా ఉద్యమం వెంకటరావమ్మగారు మీరేనా అని చేతులు జోడించి స్టేజీ మీదికి తీసుకొచ్చేశారు. ఆవిడ, అయ్యో మీరా అమ్మా, అని లేచి నిలబడింది.

ఆ పేరే కదా ఆమెని ఇక్కడ కూర్చోబెట్టింది, ఆ పేరూ, ఈ ముక్కూ. పన్నెండేళ్ళ క్రితం మొగుడు అంకమ్మరావు సాయంత్రం పొలం నుంచి వస్తే గుమ్మం దాటనిచ్చేది కాదు. అరుగు ముందు నిలబెట్టి "ఊదు" అనేది. ఆరడుగుల మనిషి, బెదిరిన ఎద్దుని ఒంటిచేత్తో ఆపినవాడు, పెళ్ళాం ముందు నోరు సున్నా చుట్టి ఊదేవాడు. సారా తాగితే ఒక వాసన, తాగి యాలక్కాయ నమిలితే ఒక వాసన, పచ్చి ఉల్లిపాయ కొరికొస్తే ఇంకో వాసన, ఏదీ ఆ ముక్కుని దాటి ఇంట్లోకి పోలేదు. చూసి చూసి ఊళ్ళో ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళని కూడా లాక్కొచ్చి, కాస్త నువ్వు చూసి చెప్పొదినా, అనేవాళ్ళు. నవ్వులాటగా మొదలైంది కాస్తా చివరికి కోర్టయి కూర్చుంది, తీర్పు చెప్పేది ముక్కు. దుకాణం ముందు కూర్చున్న పదకొండు రోజులూ దారినపోయే మగాణ్ణల్లా ఊదించే పని ఆమెదే. పేపర్లో ఫొటో వేశారు, చీపురు పట్టుకుని నిలబడింది, ఆ ముక్క ఇప్పటికీ దేవుడి పటం వెనక ఉంది. తర్వాత నిషేధం వచ్చింది, పోయింది, సారా దుకాణం ఉన్నచోటే బ్రాందీ షాపు వెలిసింది. అంకమ్మరావు మాత్రం మానినవాడు మళ్ళీ ముట్టలేదు. అంతటి మొగుణ్ణి దారిలో పెట్టిన మనిషికి కొడుకొక లెక్కా అనుకుంది. శ్రీకృష్ణ ఈ యూనివర్సిటీ హాస్టల్లో చేరాక, శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే, భుజాన సంచి భుజానే ఉండగానే "ఏదీ, ఊదు" అనేది. వాడు నవ్వుతూ వంగి ఊదేవాడు. తియ్యటి వాసన, పుదీనా లాంటిదేదో, కాస్త తులసి. దగ్గు మందు వాసన. నా బంగారమే అనుకుని బుగ్గ నిమిరి, స్నానానికి నీళ్ళు పెట్టేది. పరీక్ష పెట్టిందీ తనే, నూటికి నూరు మార్కులు వేసిందీ తనే.

చప్పట్లు. ముఖ్య అతిథి ఏదో పద్యపాదం చదివినట్టున్నాడు, పక్క కుర్చీలో వార్డెను జానకిరామయ్యగారు కూడా రెండు చేతులూ కలిపారు గానీ శబ్దం రాలేదు. మూడేళ్ళలో సగమైపోయారు ఆయన. మంచి మనిషి, వృక్షశాస్త్రం చెప్తారు, పాపం మొక్కల కన్నా పిల్లల గొడవే ఎక్కువైంది ఆయనకి. అప్పట్లో సైకిలేసుకుని ఈ చుట్టుపక్కల మందుల షాపులన్నిటికీ తిరిగి, చీటీ లేకుండా పిల్లలకి దగ్గు మందు అమ్మొద్దయ్యా అని దణ్ణం పెట్టి అడిగారట, వాళ్ళూ సరేనన్నారట. గేటు దగ్గర ప్రేమదాసు అనే వాచ్‌మన్ని పెట్టి బ్రాందీ, బీరు సీసాలు లోపలికి పోకుండా ప్రతి సంచీ వెతికించారు. ప్రేమదాసు ఆమె సంచి కూడా వెతికాడొకసారి. గుడ్డ విప్పి సీసా చూసి, బాబుకి ఇంకా తగ్గలేదామ్మా, మిరియాల పాలు పట్టించండి అని, జాగ్రత్తగా మళ్ళీ గుడ్డ చుట్టి ఇచ్చాడు. వార్డెనుగారు అన్ని కంతలూ పూడ్చారు, తల్లి ఒకటి మిగిలిందని ఆయనకెట్లా తడుతుంది.

మొదటిసారి దగ్గు నిజంగానే వచ్చింది. మాఘమాసం, కల్లం నిండా ఎర్రగా కాయ పరిచి ఉంది, ఇంటిల్లిపాదీ తుమ్ములూ దగ్గులే, ఆ రోజుల్లో ఊరంతా అంతే, ఎవరికీ అదొక జబ్బుగా తోచదు. నాలుగు రోజులు సెలవుకొచ్చిన శ్రీకృష్ణ కాళ్ళతో కాయ తిరగేసి, రాత్రికి గొంతు పట్టుకుని కూర్చున్నాడు. సెంటర్లో గౌస్ బాషా మందుల షాపులో సీసా తెచ్చి తనే మూతతో కొలిచి పోసింది. రెండు రోజులకి సర్దుకుంది. వెళ్ళేటప్పుడు, మళ్ళీ వస్తుందేమోనని తనే ఇంకో సీసా కొని, బస్సు కుదుపులకి పగలకుండా పాతచీర చింపి చుట్టింది. తర్వాత వాడే అడిగాడు. ఆ తర్వాత ఎస్టీడీ బూతుకి ఫోను చేసి అడిగాడు. మిరప అయిపోతే పత్తి దూది, దూది కాకపోతే పక్క చేలో పురుగుమందు గాలి, వానలు పడితే చలిగాలి, తమ వైపు దగ్గుకి కారణం దొరకని రోజంటూ ఏడాది మొత్తంలో లేదు. వాడు కారణం వెతుక్కోనక్కర్లేకుండా ఆమే వెతికిపెట్టేది. ఎంత తెలివిగల తల్లి! తాలు మిరపకాయని చీకట్లో కూడా వేళ్ళతో తడిమి ఏరగలదు, బస్తాలో ఒక్కటున్నా పట్టేస్తుంది. కొడుకు కళ్ళు లోపలికి పోతున్నాయంటే చదువు ఎక్కువైందనుకుంది. మధ్యాహ్నం పీట మీద కూర్చుని అన్నం కలుపుతూ కలుపుతూ తూగాడంటే, హాస్టల్లో నిద్ర ఎక్కడుంటుంది పాపం, అని చాప వేసింది.

గౌస్ బాషా పట్టుకున్నాడు. ఆశ్వయుజంలో, మూడు సీసాలు ఇవ్వమంటే, చెయ్యి అలమరలో పెట్టి అట్లానే ఆగిపోయి, "అమ్మా, బాబు దగ్గుతుంటే మీరెప్పుడైనా విన్నారా?" అన్నాడు. అంతే అన్నాడు. అంతకన్నా మెత్తగా ఎవరూ అడగలేరు. ఆమెకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. సారా ఉద్యమం వెంకటరావమ్మ కొడుకు గురించి, ఆమె ముందే, నలుగురు నిలబడి ఉన్న షాపులో! నా కొడుకు సంగతి నీకేం తెలుసు, నా ముక్కుకి తెలియని వాసన ఈ ఊళ్ళో ఉందా అని, ఇంకా అనకూడనివి రెండు కలిపి అనేసి, ఆ మధ్యాహ్నమే చిలకలూరిపేట బస్సెక్కి అక్కడ కొనుక్కొచ్చింది. రెండు షాపుల్లో, ఒక్కోదాంట్లో కొన్ని. తిరుగు బస్సులో ఒళ్ళో సంచి పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, గెలిచినట్టు వచ్చింది.  నెల తిరక్కుండానే జానకిరామయ్యగారి ఫోను వచ్చింది, మీరూ అంకమ్మరావుగారూ ఒకసారి రండమ్మా, కంగారేం లేదు, బతికే ఉన్నాడు అని. బతికే ఉన్నాడు అంటే ఏమిటో ఆ దారి పొడుగునా ఎవరూ విడమర్చి చెప్పలేదు.

హాస్టలు స్నానాలగది బయట పడిపోయి ఉంటే తోటి పిల్లలు ఆస్పత్రికి మోసుకుపోయారట. గదిలో మంచం కింద ట్రంకుపెట్టె, తను కందిపొడి డబ్బాలు పెట్టి పంపినదే. మూత తీస్తే ఖాళీ సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పక్కన గుడ్డముక్కలు, ఒక్కటీ పారెయ్యలేదు, ఇస్త్రీ చేసినట్టు మడిచి దొంతరగా పెట్టుకున్నాడు. నీలంది తన పెళ్ళి తర్వాత మొదటి పండక్కి కొన్న చీర, గళ్ళది హారిక కడుపులో ఉన్నప్పుడు కట్టినది, తెల్లపువ్వులది చీరాలలో కొన్నది. సీసాలు చూసి ఏడవలేదు ఆమె, ఆ మడతలు చూసి నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత ఆస్పత్రి మంచం మీద, వణుకు కాస్త తగ్గిన రోజున, వాడే చెప్పాడు. చేరిన కొత్తల్లో సీనియర్లు వెల్‌కమ్ పార్టీ ఇచ్చారట. బీరు తాగనన్నాడట, ఇంటికెళ్తే మా అమ్మ ఊదిస్తుంది అని. గదంతా పడీపడీ నవ్వారట. ఆ మాట గుర్తుపెట్టుకుని, వీడికి దగ్గొచ్చి నయమైన తర్వాత వాళ్ళలో ఒకడు, అయితే మీ అమ్మ ముక్కుకి అందనిది నీ పెట్టెలోనే ఉంది కదరా అన్నాడట. తన ముక్కుకి భయపడే ఆ సీసా దగ్గరికి పోయాడు బిడ్డ. 

ఆరు వారాలు ఆస్పత్రి. ఏడాది పాటు నిద్రలేమి, చేతుల వణుకు, ఒకసారి మళ్ళీ జారటం, మళ్ళీ లేవటం. చదువు పోయింది. ఇప్పుడు పొలం చూసుకుంటున్నాడు, సాయంత్రాలు టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్తాడు, బాగా చెప్తాడంటారు. ఊళ్ళో మాత్రం కామెర్లొచ్చి చదువు మానేశాడనే మాట నిలబడింది, ఆ మాట పుట్టించిందీ ఆమే. గౌస్ బాషా షాపు ముందు నుంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోతుంది. జానకిరామయ్యగారు ఆహ్వానం ఇవ్వటానికి ఇంటికొచ్చినప్పుడు కూడా గొంతు తగ్గించి, మీ అబ్బాయి విషయం ఎత్తనక్కర్లేదమ్మా, సారా సంగతి చెప్పండి చాలు, మీ గౌరవం మాకు ముఖ్యం అన్నారు. శ్రీకృష్ణే ఇవాళ ఆమెని మోపెడ్ మీద తీసుకొచ్చాడు. గేటు దగ్గర దించి, లోపలికి చూడకుండా, హ్యాండిల్ మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు: "నా సంగతి చెప్పాలనిపిస్తే చెప్పమ్మా. నన్నెంతైనా తిట్టు. సీసాలు నువ్వు కొన్నావని మాత్రం చెప్పమాక." ఎందుకురా అంటే, ఊళ్ళో నిన్నెవరైనా ఒక మాటంటే నేను తట్టుకోలేను అని, నేనిక్కడే టీ బండి దగ్గరుంటా, ఆ హాల్లోకి రాను అని చెప్పి మోపెడ్ తిప్పేసుకున్నాడు.

ముఖ్య అతిథి వ్యసనాన్ని విషసర్పంతో పోల్చి, దాని కోరల దాకా వచ్చాడు. పిల్లలు ఆవలిస్తున్నారు, ఒకడు చేతి మీద పెన్నుతో బొమ్మ గీసుకుంటున్నాడు, వాళ్ళకి పాము కనపడటం లేదు, కనపడితే కదా భయం. ఎక్కడో వెనక వరసలో ఒక ఆడపిల్ల దగ్గింది. గొంతులో పట్టేసి, కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు, పొట్ట పట్టుకుని దగ్గింది, పక్కపిల్ల వీపు నిమిరి నీళ్ళిచ్చింది, హాలు సగం వెనక్కి తిరిగి చూసింది. దగ్గంటే అది. దగ్గుకి చప్పుడుంటుంది, పక్కవాళ్ళు తిరిగి చూస్తారు. వెంకటరావమ్మ మడతపెడుతున్న కాగితం మడతలోనే ఆగిపోయింది. ఆ ఏడు వేసవిలో శ్రీకృష్ణ నెల రోజులు ఇంట్లో ఉన్నాడు, వసారాలో మంచం, గోడకి ఇవతల తన మంచం. రోజూ అర్ధరాత్రి మెలకువొచ్చి చెవి వొగ్గి వినేది, దగ్గుతున్నాడేమోనని. దగ్గేవాడు కాదు. హమ్మయ్య, పని చేస్తోంది అనుకుని, తెల్లారి లేచి ఇంకో సీసా కొనేది. ఒక్కరోజు కాదు, నెల రోజులు. గౌస్ బాషా అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు గోడకవతల నిశ్శబ్దంగా పడుకునే ఉంది, తను విన్నది కూడా, విని ఆనందపడింది కూడా.

మైకులో ఆమె పేరు పిలిచారు. సారా రక్కసిని తరిమిన వీరనారి అన్నారు, అపరకాళి అన్నారు, చప్పట్లు కొట్టారు. ఆకుపచ్చ చీర ఆవిడ అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆవిడ పక్క కుర్చీ మీద ఆ సంచి ఉంది, కొడుకు కూర్చోవటానికి చోటు లేక గోడవార నిలబడ్డాడు. వెంకటరావమ్మ లేచింది, కాగితం విప్పబోయి, విప్పకుండా చేతిలోనే నలిపేసింది. ఇప్పుడు చెప్పకపోతే ఆ రెండు సీసాలూ ఈ సాయంత్రానికి ఒక మంచం కింద పెట్టెలో ఉంటాయి. చెప్తే రేపు పొద్దునకి ఊళ్ళో పంపు దగ్గర తన పేరు నలుగుతుంది. నలగనీ. మైకు తన ఎత్తుకి దించుకుంది.

"సారా సంగతి మీ అందరికీ తెలిసిందే. ఇంకోటి చెప్తా," అంది. "మా అబ్బాయి శ్రీకృష్ణ ఈ హాస్టల్లోనే ఉండేవాడు. దగ్గు మందుకి అలవాటు పడ్డాడు. చావు దాకా పోయొచ్చాడు. కామెర్లని ఊళ్ళో చెప్పాను, అది అబద్ధం."  జానకిరామయ్యగారు కుర్చీలో సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు కనపడ్డాడు వాడు, వెనక తలుపు దగ్గర, చేతిలో టీ గ్లాసుతో. రానన్నవాడు వచ్చాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దమ్మా, వద్దు అని. కొడుకు కళ్ళల్లోకి చూస్తూనే చెప్పింది.

"ఆ సీసాలు నా చేత్తో నేనే కొన్నాను. వార్డెనుగారు షాపులు కాశారు, గేటు కాశారు, నన్ను కాయలేదు. మా ఊరి షాపాయన గౌస్ బాషాగారు, మీవాడు దగ్గటం విన్నారా అని అడిగితే ఆయన్ని తిట్టి పక్క ఊరెళ్ళి కొన్నాను. దగ్గు లేదు గాబట్టి మందు పని చేస్తందనుకున్నా. దగ్గే లేదనుకోలేదు." తల్లులు కూర్చున్న వరసల వైపు తిరిగింది. "అందరూ నా ముక్కు గొప్పదంటారు. వారం వారం నా కొడుకుని ఊదమన్నానే గానీ, ఎట్లా ఉన్నావురా అని ఒక్కనాడు పక్కన కూర్చోబెట్టుకుని అడగలేదు. తప్పు చేస్తే వచ్చి చెప్పుకునే చోటు వాడికి మా ఇంట్లో నేను ఉంచలేదు. అమ్మల్లారా, వాసన చూడమాకండి. పిల్లాడు చెప్పేది వినండి. చెప్పందీ వినండి."  దణ్ణం పెట్టి మైకు ముందే నిలబడిపోయింది.

చప్పట్లు పడలేదు. వెనక తలుపు దగ్గర శ్రీకృష్ణ టీ గ్లాసు కిటికీలో పెట్టి, చివరి వరసలో ఖాళీ కుర్చీలో మెల్లిగా కూర్చున్నాడు, అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. మూడో వరసలో ఆకుపచ్చ చీర ఆవిడ గోడవార నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది. ముఖంలో రక్తం లేదు. కోపంగా అడుగుతుందని, ఏడుస్తుందని వెంకటరావమ్మ భయపడింది. ఆవిడ తగ్గు గొంతుతోనే అడిగింది గానీ, అంత నిశ్శబ్దంలో స్టేజీ దాకా వినపడింది.

"ఏరా నాన్నా, నీకు దగ్గుందా?"

వాడు తలెత్తి తల్లి కళ్ళల్లోకి చూశాడు. పొద్దున సంచి వైపు దొంగగా పోయిన చూపు ఈసారి పక్కకి పోలేదు.

"ఎప్పుడో తగ్గిందమ్మా," అన్నాడు.

ఆవిడ పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టి, ఆ కుర్చీని కొంగుతో తుడిచి, "ఇట్లా వచ్చి కూర్చో," అంది.